గడియారం ఎక్కడ మొదలుపెట్టాలి? సైకోసిస్ చికిత్సలో ఆలస్యం, దాని వెనుక లెక్కల చిక్కుముడి

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడమ్మా?"

మానసిక వైద్యుడు మొదటి రోజు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. తల్లి కాసేపు ఆలోచిస్తుంది. సంక్రాంతికి బాగానే ఉన్నాడు. ఉగాది నాటికి గది తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. వానలు పడే వేళకు, పక్కింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారని గొడవకు దిగాడు. ఇంతలో తండ్రి అందుకుంటాడు: "కాదండీ, ఇంటర్ తప్పినప్పటి నుంచే వీడు తేడాగా ఉన్నాడు." అది రెండేళ్ల కిందటి మాట. వైద్యుడు కాగితం మీద ఒక అంకె వేయాలి. కొద్ది వారాలా, ఆరు నెలలా, రెండేళ్లా?

ఆ ఒక్క అంకె చుట్టూ మూడు దశాబ్దాలకు పైగా పరిశోధన నడుస్తోంది. చికిత్స ఆలస్యమైనకొద్దీ జబ్బు ముదురుతుందని ఒక వాదన. ఆ సంబంధంలో చాలా భాగం లెక్క కట్టిన తీరు వల్ల పుట్టినదేనని మరో వాదన. రెండు పక్షాల చేతుల్లోనూ నిజమైన సమాచారమే ఉంది, రెండు పక్షాలూ నిజాయితీగానే లెక్క కట్టాయి. ఒకే రకం రోగుల నుంచి ఇంత వేర్వేరు జవాబులు ఎలా వచ్చాయో అర్థమైతే, ఈ విషయం మీద వచ్చే ఏ వార్తనైనా సరిగా చదవగలుగుతాం.

కొలుస్తున్నది ఏ కాలాన్ని?

సైకోసిస్ ఒక జబ్బు పేరు కాదు, ఒక స్థితి పేరు. మనిషి వాస్తవంతో పట్టు కోల్పోతాడు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. వీటిని భ్రాంతులు అంటారు. ఎవరో వెంటాడుతున్నారని, అన్నంలో విషం కలిపారని గట్టిగా నమ్ముతాడు, ఇవి భ్రమలు. స్కిజోఫ్రేనియాలో ఈ స్థితి ప్రధానంగా కనిపిస్తుంది. బైపోలార్ రుగ్మతలో, తీవ్రమైన డిప్రెషన్‌లో, కొన్ని మత్తుపదార్థాల వల్ల కూడా రావచ్చు.

ఈ లక్షణాలు స్పష్టంగా మొదలైన రోజు నుంచి సరైన చికిత్స మొదలైన రోజు వరకు గడిచిన సమయాన్ని పరిశోధకులు డీయూపీ అంటారు. మనం 'చికిత్స లేని కాలం' అందాం. ఈ కాలానికి రెండు కొసలున్నాయి, రెండూ మసకగానే ఉంటాయి. ముందు కొసలో తల్లి చెప్పిన ఉగాది, తండ్రి చెప్పిన ఇంటర్ ఫలితాలు. చదువు మీద ఆసక్తి తగ్గడం, స్నేహితులకు దూరం కావడం వంటి తొలి మార్పులను చాలా అధ్యయనాలు లెక్కలోకి తీసుకోవు. భ్రమలో, భ్రాంతులో తేటతెల్లంగా కనిపించిన రోజు నుంచే లెక్కిస్తాయి. చివరి కొస మాటేమిటి? మొదటి మాత్ర వేసుకున్న రోజా, మందులు కొన్ని వారాలు క్రమంగా వాడిన తర్వాతా, ఆసుపత్రిలో చేరిన రోజా? ఒక్కో అధ్యయనం ఒక్కో గీత గీసింది.

ఏడుగురు రోగులు, రెండు 'సగటు'లు

ఏడుగురు రోగులను ఊహించుకుందాం. వారి చికిత్స లేని కాలం వరుసగా 2, 3, 5, 8, 12, 40, 210 వారాలు. మొత్తం 280, సగటు 40 వారాలు. కానీ వరుసలో సరిగ్గా మధ్యనున్న వ్యక్తి, అంటే మధ్యగతం, 8 వారాలే. ఏడుగురిలో ఐదుగురు 12 వారాల లోపే చికిత్సకు వచ్చినా, నాలుగేళ్లు ఇంట్లోనే ఉండిపోయిన ఒక్క మనిషి సగటును పైకి లాగేశాడు.

ఇది కేవలం ఊహ కాదు. నిజమైన సమాచారమూ ఇలాగే ఒక వైపు పొడవైన తోకతో ఉంటుంది. అందుకే వార్తలో అంకె కనిపించినప్పుడు అది సగటా, మధ్యగతమా అన్నది ముందు చూడాలి. అమెరికాలో 21 రాష్ట్రాల్లోని 34 క్లినిక్కులలో 404 మందితో జరిగిన రైజ్ అధ్యయనంలో మధ్యగతం 74 వారాలు. ఆ అధ్యయనంలో సగం మంది దాదాపు ఏడాదిన్నర, లేదా అంతకంటే ఎక్కువ కాలం చికిత్స లేకుండా గడిపారన్నమాట.

ఈ పొడవైన తోకను దారికి తేవడానికి గణాంక నిపుణులు వారాలను నేరుగా వాడకుండా వాటి లాగరిథమ్‌ను వాడతారు. బడిలో సంవర్గమానం అని చదువుకున్నది ఇదే. ఇలా చేస్తే 'ఎన్ని వారాలు పెరిగింది' అన్న ప్రశ్న 'ఎన్ని రెట్లు పెరిగింది' అన్న ప్రశ్నగా మారుతుంది. ఆలస్యం రెట్టింపైన ప్రతిసారీ కోలుకునే కొలమానంలో 3 మార్కులు తగ్గుతాయని అనుకుందాం. 2 వారాలు 4 అయినా 3 మార్కులే పోతాయి, ఒక ఏడాది రెండేళ్లయినా 3 మార్కులే పోతాయి. కాబట్టి తొలి రోజుల్లో రెండు వారాల జాప్యం ఖరీదు, తర్వాతి కాలంలో ఏడాది జాప్యం ఖరీదుతో సమానం. అదే 104 వారాలను 102కు తగ్గిస్తే కలిసొచ్చేది పదో వంతు మార్కు కూడా కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదట్లో వేగంగా పడి, తర్వాత చదునయ్యే ఈ వంపు మనం ఎంచుకున్న సూత్రంలోనే ఉంది, సమాచారంలో ఉందని ఇంకా తేలలేదు. లాగ్ వాడి, 'తొలి వారాలే కీలకమని తేలింది' అంటే, మనం పెట్టినదాన్నే మనం కనుక్కున్నట్టు అవుతుంది. నేరు గీత, లాగ్ వంపు, ఇంకా స్వేచ్ఛగా వంగగల గీత, మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది సమాచారానికి బాగా అతుకుతుందో చూసినప్పుడే ఆ మాట అనగలం. బ్రిటన్‌లో ఈడెన్, అవుట్‌లుక్ అనే రెండు పెద్ద రోగుల బృందాల సమాచారంతో 2020లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ఈ వంపు ఆకారాన్నే ప్రశ్నగా పెట్టుకుంది. ఆలస్యం పెరిగేకొద్దీ చికిత్సకు స్పందన తగ్గుతోందని, ఆ తగ్గుదల మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా ఉందని అది చెప్పింది.

సంబంధం ఉంది. ఎంత ఉంది?

ఆలస్యానికీ, ఫలితానికీ సంబంధం ఉందన్నది 2005 నాటికే గట్టిపడింది. ఆ ఏడాది 26 అధ్యయనాలను, సుమారు 4,500 మంది రోగులను కలిపి చూసిన సమీక్షలో, ఎక్కువ ఆలస్యమైనవారు ఆరు నెలలకూ ఏడాదికీ వెనుకబడి ఉన్నట్టు తేలింది. దీర్ఘకాలిక ఫలితాలను చూసిన 2014 నాటి మరో సమీక్షలో సహసంబంధం 0.13 నుంచి 0.18 మధ్య వచ్చింది.

సహసంబంధం 0 అయితే రెండింటికీ సంబంధమే లేదు, 1 అయితే ఒకదాన్ని బట్టి రెండోదాన్ని కచ్చితంగా చెప్పేయవచ్చు. 0.15ను వర్గం చేస్తే 0.0225 వస్తుంది. రోగుల మధ్య ఫలితాల్లో కనిపించే తేడాలో ఆలస్యం వివరించేది 2 శాతం పైచిలుకు మాత్రమే. ఇది విని 'అబ్బే, ఇంతేనా' అనిపిస్తుంది. అదే 0.15ను ఇంకోలా చూద్దాం. సగం మంది కోలుకునే ఒక జబ్బులో, తక్కువ ఆలస్యమైన 100 మందిలో 57 లేదా 58 మంది, ఎక్కువ ఆలస్యమైన 100 మందిలో 42 లేదా 43 మంది కోలుకుంటారు. తేడా 15 మంది. అంకె అదే అయినా, పదిహేను కుటుంబాలంటే చిన్న సంగతి కాదు.

పైగా, కొలతలో తప్పులుంటే సంబంధం అసలు కంటే పలచగా కనిపిస్తుంది. నిజమైన సహసంబంధం 0.30 అనుకుందాం. తల్లిదండ్రుల జ్ఞాపకాల ఆధారంగా రాసుకున్న కాలంలో సగం తేడాలు నిజమైనవి, సగం జ్ఞాపకం తడబడటం వల్ల వచ్చినవి అయితే, మనకు కనిపించేది 0.21 మాత్రమే. కాబట్టి చిన్న అంకె చూసి చిన్న ప్రభావం అనేయలేం. అయితే జ్ఞాపకం ఒకే వైపు తడబడితే కథ మారుతుంది. బిడ్డ ఇంకా కోలుకోని ఇంట్లో, ఆలస్యం చేశామన్న బాధతో పాత సంగతులన్నీ జబ్బు లక్షణాలుగానే గుర్తొస్తాయి. అప్పుడు సంబంధం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

వెనుక దాగిన కారణం: మెల్లగా వచ్చే జబ్బు

జబ్బు కొందరిలో ఉప్పెనలా వస్తుంది. నిన్నటి దాకా ఉద్యోగానికి వెళ్లిన మనిషి వారం తిరిగేసరికి వీధిలో కేకలు పెడుతుంటాడు, ఇంట్లోవాళ్లు ఆగమేఘాల మీద ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇంకొందరిలో చెదలా వస్తుంది. మాట తగ్గుతుంది, స్నానం మానేస్తాడు, 'బద్ధకం' అనుకుంటూ ఏళ్లు గడుస్తాయి. చికిత్స ఎప్పుడు మొదలైనా మొదటి రకం వారు త్వరగా కోలుకోవడం, రెండో రకం వారికి కష్టం కావడం వైద్యులు తరచూ చూసేదే.

ఇప్పుడు ఆలస్యం ప్రభావం పూర్తిగా సున్నా అని కావాలనే అనుకుందాం. ఉప్పెన రకంలో ఎప్పుడు వచ్చినా 60 శాతం మంది, చెద రకంలో ఎప్పుడు వచ్చినా 30 శాతం మంది కోలుకుంటారు. ఉప్పెన రకం వారు 100 మందిలో 80 మంది త్వరగా, 20 మంది ఆలస్యంగా వచ్చారు. చెద రకంలో అది తిరగబడింది: 20 మంది త్వరగా, 80 మంది ఆలస్యంగా.

త్వరగా వచ్చిన 100 మందిలో కోలుకున్నవారు: 80లో 48, 20లో 6, మొత్తం 54. ఆలస్యంగా వచ్చిన 100 మందిలో: 20లో 12, 80లో 24, మొత్తం 36. ఆలస్యానికి ఏ పాపమూ తెలియకపోయినా, పట్టికలో 18 మంది తేడా నిలబడింది.

దీనికి విరుగుడుగా విశ్లేషకులు జబ్బు మొదలైన తీరును, జబ్బుకు ముందు ఆ వ్యక్తి చదువు, స్నేహాలు, సర్దుకుపోయే స్వభావం ఎలా ఉండేవో నమూనాలో, అంటే లెక్క కట్టే గణాంక సూత్రంలో, చేర్చి, ఒకే రకం వారిని ఒకరితో ఒకరిని పోలుస్తారు. ఇలా చేసిన అధ్యయనాల్లో సంబంధం తగ్గింది కానీ చాలా చోట్ల మాయం కాలేదు. ఎక్కడ ఆపాలన్నది మాత్రం పెద్ద చర్చ. చికిత్స మొదలైన రోజున లక్షణాల తీవ్రతను కూడా సర్దుబాటు చేయాలా? ఆ తీవ్రత ఆలస్యం వల్లే పెరిగి ఉంటే, దాన్ని తీసేయడమంటే ఆలస్యం చేసిన హానిని మన చేత్తోనే తుడిచేయడం. కంప్యూటర్ ఈ రెండు సందర్భాలకూ తేడా చూపదు. దేని వల్ల ఏది వస్తుందో ముందుగా మనిషే తేల్చుకోవాలి.

అదే రైలు, వేరే స్టేషన్: గడియారపు సున్నా

ఈ రంగాన్ని బాగా కుదిపిన వాదన 2020లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీలో 1989 నుంచి 1995 మధ్య సైకోసిస్‌తో తొలిసారి ఆసుపత్రిలో చేరినవారిని పరిశోధకులు ఇరవై ఏళ్ల పాటు వెంబడించారు. వారిలో స్కిజోఫ్రేనియా కోవకు చెందిన 287 మంది మీద ఈ విశ్లేషణ జరిగింది.

వాదన సారం అర్థం కావడానికి ఒక రైలు చాలు. సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా విజయవాడ వెళ్లే రైలు. ఒకరు సికింద్రాబాదులో ఎక్కారు, ఇంకొకరు వరంగల్‌లో. ఎవరికి వారు రైలెక్కి గంటన్నర అయ్యాక చూస్తే, వరంగల్‌లో ఎక్కిన మనిషి విజయవాడకు చాలా దగ్గరగా ఉంటాడు. వరంగల్‌లో ఎక్కడం వల్ల రైలు వేగం పెరగలేదు. మనం గడియారాన్ని 'ఎక్కిన క్షణం' నుంచి మొదలుపెట్టాం, అంతే.

అంకెల్లో చూద్దాం. జబ్బు మొదలైనప్పుడు ఇద్దరికీ 100 మార్కులు. ఏడాదికి 8 చొప్పున ఐదేళ్లు తగ్గి, 60 దగ్గర ఆగిపోతాయి. చికిత్స ఈ దారిని మార్చదనుకుందాం. మొదటి వ్యక్తి ఆరు నెలలకు ఆసుపత్రికి వచ్చాడు, అప్పుడు 96. రెండో వ్యక్తి మూడేళ్లకు వచ్చాడు, అప్పుడు 76. చేరిన రెండేళ్లకు కొలిస్తే మొదటి వ్యక్తికి 80, రెండో వ్యక్తికి 60. 'ఆలస్యం 20 మార్కులు తినేసింది' అని రాసేస్తాం. చేరిన ఐదేళ్లకు కొలిస్తే ఇద్దరికీ 60. తేడా ఏమీ లేదు.

సఫోక్ బృందం సరిగ్గా ఈ పరీక్షే చేసింది. ఆసుపత్రిలో చేరిన రోజును సున్నాగా పెడితే ఆలస్యమైనవారు వెనుకబడి కనిపించారు. సైకోసిస్ మొదలైన రోజును సున్నాగా పెడితే ఆ సంబంధం కరిగిపోయింది. ఆలస్యమైనవారి క్షీణత చాలా వరకు ఆసుపత్రికి రాకముందే జరిగిపోయింది; త్వరగా వచ్చినవారి క్షీణత తర్వాత జరిగింది. చివరికి ఇద్దరూ దాదాపు ఒకే చోటికి చేరారు.

ఇది బలమైన వాదన. అయినా దీనితో వ్యవహారం ముగిసిందని నేను అనుకోను. ఆ అధ్యయనంలోకి మనుషులు వచ్చింది ఆసుపత్రి గుమ్మం గుండా. తొలి నెలల్లోనే బయట చికిత్స తీసుకుని కోలుకుని, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమే రానివారు ఇందులో లేరు. త్వరిత చికిత్స వల్ల అందరికంటే ఎక్కువ మేలు పొందినవారు వాళ్లే అయితే, వాళ్లు లేని లెక్కలో ఆ మేలు కనిపించదు. పైగా సఫోక్ రోగులకు అందింది ఆనాటి మామూలు వైద్యం. త్వరగా పట్టుకుని మామూలు వైద్యం అందించడం, త్వరగా పట్టుకుని మందులతో పాటు కుటుంబానికి అవగాహన, చదువుకు, ఉద్యోగానికి తోడ్పాటు అందించడం ఒకటి కావు. రైజ్ అధ్యయనంలో ఇలాంటి సమగ్ర చికిత్స వల్ల కలిగిన మేలు, 74 వారాల లోపు వచ్చినవారిలోనే ఎక్కువగా కనిపించింది. అంటే మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆలస్యం జబ్బును ముదర పెడుతుందా అన్నది ఒకటి, చికిత్స పనిచేసే శక్తిని ఆలస్యం తగ్గిస్తుందా అన్నది వేరొకటి.

చికిత్స లేని సైకోసిస్ మెదడుకు విషంలా పనిచేస్తుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. మెదడు నిర్మాణంలోనూ, జ్ఞాపకశక్తి వంటి సామర్థ్యాల్లోనూ ఆలస్యంతో పాటు పెరిగే నష్టానికి ఇప్పటి వరకు నిలకడైన ఆధారం దొరకలేదు. కుటుంబాలను భయపెట్టడానికి ఆ మాట వాడటం న్యాయం కాదు.

మనుషులను వదిలి ఊళ్లను పోలిస్తే

ఎవరికి చికిత్స ఆలస్యం చేయాలో చీటీలు వేసి తేల్చలేం. అది ఘోరం. కానీ ఒక ప్రాంతంలో ఆలస్యాన్ని తగ్గించి, పక్కన మరో ప్రాంతాన్ని ఉన్నది ఉన్నట్టు చూడవచ్చు. 1997 నుంచి 2000 వరకు నార్వేలో జరిగిన టిప్స్ అధ్యయనం ఇదే చేసింది. రోగలాండ్ ప్రాంతంలో పత్రికల్లో, రేడియోలో, సినిమా హాళ్లలో ప్రకటనలు ఇచ్చారు, ఇళ్లకు కరపత్రాలు పంపారు, టీచర్లకు, కుటుంబ వైద్యులకు లక్షణాలు గుర్తించడం నేర్పారు, ఫోను చేస్తే వెంటనే వచ్చి చూసే బృందాలను పెట్టారు. ఓస్లోలోని ఒక ప్రాంతం, డెన్మార్క్‌లోని రోస్కిల్డే పోలిక కోసం మామూలుగానే ఉన్నాయి. రోగలాండ్‌లో చికిత్స లేని కాలం మధ్యగతం 5 వారాలు, మిగతా చోట్ల 16. ప్రచారం ఆపేశాక రోగలాండ్‌లోనే అది మళ్లీ 15 వారాలకు ఎగబాకింది. ప్రచారమే కారణమని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకడం కష్టం.

ఇక్కడ లెక్క ఎందుకు బలమైనదంటే, రోగి ఏ రకం అన్నదాన్ని బట్టి కాక, ఎక్కడ నివసిస్తున్నాడన్నదాన్ని బట్టి ఆలస్యం తగ్గింది. ఉప్పెన, చెద రెండు రకాలూ రెండు చోట్లా ఉంటాయి కదా.

పదేళ్ల తర్వాత ఏమైంది? త్వరగా గుర్తించిన ప్రాంతంలో 30.7 శాతం, మామూలు ప్రాంతాల్లో 15.1 శాతం మంది పూర్తిగా కోలుకున్నట్టు తేలింది. రెట్టింపు! ఈ అంకెల లోపలికి కాస్త తొంగి చూద్దాం. మొదట్లో చేరింది 141 మంది, 140 మంది. పదేళ్లకు దొరికింది 101 మంది, 73 మంది. అంటే కోలుకున్నవారు 31 మంది, 11 మంది. దొరకనివారెవరూ కోలుకోలేదనుకుంటే 22 శాతం, 8 శాతం, తేడా నిలిచింది. కానీ మామూలు ప్రాంతాల్లో దొరకకుండా పోయిన 67 మందిలో 20 మంది కోలుకుని ఉంటే? అప్పుడు అక్కడా 31 మందే, రోగలాండ్‌లో దొరకని 40 మందిలో ఒక్కరూ కోలుకోలేదనుకుంటే తేడా మాయం. మామూలు ప్రాంతాల్లో ఎక్కువగా తప్పిపోయింది జబ్బు తీవ్రంగా ఉన్నవారేనని పరిశోధకులు గమనించారు, కాబట్టి అలా జరిగే అవకాశం తక్కువ. అయినా ఫలితం ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో తెలుస్తుంది.

ఇంకో సంగతి. లక్షణాలు సద్దుమణగడంలో రెండు ప్రాంతాల మధ్య పెద్ద తేడా లేదు. పూర్తికాల ఉద్యోగం చేస్తున్నవారు త్వరగా గుర్తించిన ప్రాంతంలో ఎక్కువ. రోగలాండ్‌లోని స్టావాంగెర్ నార్వే చమురు పరిశ్రమకు రాజధాని. ఉద్యోగాలు దొరకడంలో ఊరి వాటా ఎంత, త్వరిత చికిత్స వాటా ఎంత అన్నది ఊళ్లను పోల్చే ఏ పద్ధతిలోనూ పూర్తిగా విడదీయలేం.

ఒక్క విషయంలో మాత్రం గడియారపు గొడవ అడ్డురాదు. చికిత్సకు వచ్చే నాటికి తీవ్రమైన ఆత్మహత్యా ఆలోచనలు, ప్రయత్నాలు రోగలాండ్‌లో తక్కువగా ఉన్నాయి. పదేళ్ల తర్వాతి మార్కులు ఏమైనా కానివ్వండి, చికిత్స లేని ప్రతి వారం ఆ మనిషి భయంతో బతికిన వారం. నమూనాల్లో 'ఫలితం' గడిలో ఈ బాధను సాధారణంగా ఎవరూ రాయరు. ఈ లోపం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేస్తుంది.

మన దగ్గర ఈ నమూనాలు ఎంతవరకు పనికొస్తాయి?

తక్కువ, మధ్య ఆదాయ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి సమీక్షలో చికిత్స లేని కాలం సగటు సుమారు 125 వారాలు, సంపన్న దేశాల్లో సుమారు 63. ఇవి సగటులు, పొడవైన తోక లాగిన అంకెలన్నది గుర్తుంచుకుందాం. అయినా లాగ్ వంపు నిజమైతే, మన రోగుల్లో చాలామంది వంపు చదునుగా ఉన్న చివరన ఉన్నారు. అక్కడ నాలుగు వారాలు తగ్గించినా నమూనాలో ఏమీ కదలదు. దాన్ని చూసి 'త్వరగా గుర్తించినా లాభం లేదు' అనడం తప్పు. పెద్ద మార్పు కావాలంటే పెద్ద తగ్గింపు కావాలన్నదే ఆ వంపు చెప్పేది.

భారతదేశంలో, ఇతర వర్ధమాన దేశాల్లో ఉన్నట్టుండి వచ్చి త్వరగా తగ్గిపోయే సైకోసిస్ ఎక్కువగా కనిపిస్తుందని పాత అంతర్జాతీయ అధ్యయనాలు చెప్పాయి. వీళ్లను మిగతావారితో కలిపి లెక్కిస్తే, తక్కువ ఆలస్యం ఉన్న గుంపు సహజంగానే బాగా కోలుకున్నట్టు కనిపిస్తుంది. పైన చూసిన ఉప్పెన, చెద పట్టికే ఇది.

ఆలస్యం కూడా మన దగ్గర ఒక్క ముక్క కాదు. ఇంట్లోవాళ్లు జబ్బని గుర్తించడానికి కొంత కాలం. భూతవైద్యుడి దగ్గర, దర్గాలో, గుడిలో, తాయెత్తులతో కొంత కాలం. ఊళ్లో ఉన్న వైద్యుడి దగ్గర నిద్రమాత్రలతో కొంత కాలం. జిల్లా కేంద్రానికో, హైదరాబాద్ ఎర్రగడ్డకో, విశాఖ ఆసుపత్రికో చేరి, మందులు మొదలుపెట్టి, అవి మధ్యలో ఆపకుండా సాగడానికి ఇంకొంత. మొత్తాన్ని ఒకే అంకెగా నమూనాలో పెడితే, ఈ నాలుగు ముక్కల్లో ఏది తగ్గిస్తే ఎంత ఫలితమో తెలియదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 వంటి ఫోను సేవ మొదటి రెండు ముక్కలను తగ్గించగలదు. మందులు దొరకకపోతే నాలుగో ముక్క అలాగే ఉంటుంది.

ముక్కలుగా రాసుకోవాలంటే ఒక తేదీ సరిపోదు. వైద్యుడి కాగితం మీద తల్లి చెప్పిన ఉగాదికీ, తండ్రి చెప్పిన ఇంటర్ ఫలితాలకూ, పక్కింటివాళ్లతో జరిగిన గొడవకూ, మొదటి తాయెత్తుకూ, మొదటి మాత్రకూ విడివిడిగా గడులు ఉండాలి. అప్పుడు గడియారాన్ని ఏ గడి నుంచి మొదలుపెట్టినా, జవాబు ఎంత మారుతుందో చూడవచ్చు.